ఒక్క ఎల్లిగడ్డ వాసన చాలు

మా కొట్టులో ఖాళీ అయిన నూనె డబ్బాలు మూడింటికి మా ఆయన పైమూతలు కోయించి, అడుగున మేకుతో చిల్లులు పొడిచి, బంగ్లా మీదికి, అంటే డాబా పైకి, మోసుకొచ్చినప్పుడు మా గల్లీలో అందరూ అనుకున్నది ఒకటే. ఈమె ఆఖరికి ఎల్లిగడ్డ కూడా కొనడం మానేసింది అని. కిరాణం కొట్టు నడుపుకుంటూ, కొట్టులో బస్తా నిండా ఎల్లిగడ్డలు, అదే వెల్లుల్లి, పెట్టుకుని, మళ్ళీ ఇంటి మీద ఎల్లిగడ్డ పండించుకునే మనిషి శంషాబాద్ మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. వాళ్ళు నవ్వుకోవడం నాకు లాభమే అయింది. పిసినారితనం అనుకున్నంతకాలం అసలు సంగతి ఎవరూ అడగరు.

అసలు సంగతి ఏమిటంటే, నా ముక్కు పోయింది.

ముక్కు ఉంది, దానికి ముక్కుపుడక కూడా ఉంది. పోయింది వాసన. వానాకాలం చివర్లో ఒక జ్వరం వచ్చి, వారం పైన నన్ను మంచాన పడేసి, వెళ్తూ వెళ్తూ దాన్ని పట్టుకుపోయింది. లేచిన రోజు పోపు వేస్తే చిటపటలు వినిపించాయి, పొగ కనిపించింది, అంతే. ఆవాలు గాజు పెంకులై ఎగురుతున్నట్టుంది. జలుబు అనుకున్నాను. పది రోజులకు జలుబు పోయింది, వాసన రాలేదు.

మాది కందుకూరు. శ్రీశైలం రోడ్డు మీద మా బాపుకు కొట్టు ఉండేది. నేను నడక నేర్చింది బస్తాల మధ్య. నాకు ఏడేళ్ళు వచ్చినప్పటి నుంచే బాపు నన్ను కళ్ళు మూసుకోమని దోసిట్లో ఏదో ఒక సరుకు పోసేవాడు.

"ఏందిది?"

"చింతపండు."

"ఎప్పటిది?"

"నిరుటిది. గోనె వాసన పట్టింది బాపూ."

సరిగ్గా చెబితే బెల్లం ముక్క. నాకు చదువు అబ్బకపోవడానికి ఆ బెల్లమే కారణం. బళ్ళో లెక్క సరిగ్గా చేసినా ఎవరూ ఏమీ పెట్టరు.

పెళ్ళయి శంషాబాద్ వచ్చాక ఆ ముక్కే మా కొట్టుకు పెట్టుబడి అయింది. సరుకు అమ్మే ఏజెంట్లు నమూనాలు తెస్తే మా ఆయన, "ఆగు తమ్మీ, మా ఇంటామెకు చూపియ్యి" అనేవాడు. నేను స్టూలు మీద కూర్చుని, ఒక చిటికెడు తీసుకుని, వాసన చూసి, మూతి తిప్పేదాన్ని. మాట అనే పని లేదు. మూతి తిరిగిన మేరకు ధర దిగేది. చుట్టుపక్కల కొట్లవాళ్ళు కూడా నెయ్యి డబ్బా పట్టుకుని వచ్చేవాళ్ళు, "అక్కా, జర చూడు, కల్తీనా?" అంటూ. ఇంటి పనికీ వంట పనికీ మనిషి దొరుకుతుంది. ఆ స్టూలు మీద కూర్చోవడానికి మాత్రం నేను తప్ప మరొకరు లేరని నా గర్వం.

అందుకే ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. ముక్కు పోయిందని ఒక్క ఏజెంటుకు తెలిస్తే చాలు, మర్నాటికల్లా పహాడీ షరీఫ్ దాకా తెలుస్తుంది, ఎక్కడెక్కడి పాత సరుకూ మా గుమ్మం ఎక్కుతుంది. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి. ముక్కు లేకపోతే ఆ స్టూలు మీద ఉండేది వట్టి ముసలి ఆడమనిషి.

కళ్ళు చూపించుకుంటానని ఇంట్లో అబద్ధం చెప్పి ముక్కు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు ఉంటుందేమో.

"కొందరికి వస్తుంది ఆంటీ. కొందరికి టైం పడుతుంది."

"ఎంత టైము?"

"చెప్పలేం."

"అందాజ చెప్పమ్మా. మూడు నెల్లా, ఆరు నెల్లా? నడుమ నాలుగు అనుకుందామా?"

ఆమె రాస్తున్న కలం ఆపి నా వైపు చూసింది. "ఆంటీ, ఇది కూరగాయల బేరం కాదు. రోజూ పొద్దున, సాయంత్రం నాలుగు వాసనలు పీల్చాలి. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి నూనె. వాసన రాకపోయినా సరే, ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలి."

"నాలుగెందుకమ్మా? ఒక్కటే గట్టిగ చేస్తే కాదా?"

"నాలుగూ చేయాలి."

"రెండు."

"ఆంటీ!"

దవాఖాన బయటికి నాలుగుతోనే వచ్చాను. బస్సు శంషాబాద్ చేరేలోపు నాతో నేనే బేరమాడుకుని ఒకటికి దింపాను. ఆ ఒకటి ఎల్లిగడ్డ. దాని కన్నా ఘాటైనది మా కొట్టులో లేదు. వస్తే ముందు అదే రావాలి. కొట్టులో కూర్చుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎల్లిగడ్డ ముక్కు దగ్గర పెట్టుకుంటే మా ఆయన పసిగట్టేస్తాడు. బంగ్లా మీద మొక్కలు పెట్టుకుంటే ఎవరికీ అనుమానం రాదు. ఆకు నలిపి వాసన చూడొచ్చు, ఆకు మళ్ళీ వస్తుంది. వైద్యం పైసా ఖర్చు లేకుండా ఉట్టికే అయిపోతుందని సంబరపడ్డాను. ఆ సంబరం చూస్తే మా బాపు కూడా సిగ్గుపడేవాడు.

దీపావళి వెళ్ళిన వారానికి పాయలు విడదీసి పెట్టాను. మా పై వాటాలో కిరాయికి ఉంటున్న అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. వాళ్ళది గుంటూరు వైపు. భర్త ఎయిర్‌పోర్టు దగ్గర గోదాములో ఉద్యోగం. ఏ పనికైనా చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగిపోయే మనిషి.

"తొక్క తీయకండి పిన్నిగారూ. మొన పైకి ఉండాలి. వెల్లుల్లికి మట్టి గుల్లగా ఉండాలండి. అంత గట్టిగా నొక్కేస్తే ఊపిరాడదు దానికి."

"ఎల్లిగడ్డకు ఊపిరేందమ్మా?"

"మట్టిలో ఉన్నా ప్రాణమేగా అండీ."

ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి ఆమే నింపింది. వేలెడు లోతు, నాలుగు వేళ్ళ ఎడం. నీళ్ళు కూడా ఎంత పోయాలో ఆమే చెప్పింది. నేను మామూలుగా పోసే దాంట్లో సగం. ఎక్కువైతే ఆకు కొస పసుపు రంగుకు తిరిగి, పాయ కుళ్ళుతుందట. వారం దాటేసరికి మూడు డబ్బాల్లోనూ ఆకుపచ్చ సూదులు లేచాయి. పొద్దున కొట్టు తెరవకముందు, సాయంత్రం దీపం పెట్టకముందు, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని డబ్బాల ముందు కూర్చునేదాన్ని. కొస తుంచి, నలిపి, పీల్చేదాన్ని. విమానాలు తల మీదుగా దిగుతుంటే వాటి పొట్టల మీద అక్షరాలు కూడా కనిపిస్తాయి మాకు. అంత చప్పుడులో, అంత గాలిలో, నా ముక్కులోకి వచ్చేది చల్లదనం ఒక్కటే.

వాసన లేని ఇల్లు ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. వాసన ఉన్నప్పుడు మనకు తెలియదు, మనిషి కంటే ముందు మనిషి వాసన గదిలోకి వస్తుంది. మా ఆయన స్నానం చేసి వస్తున్నాడని సబ్బు ముందే చెబుతుంది. వాసన పోయాక మనుషులు ఉన్నట్టుండి నా వెనక ఉండేవాళ్ళు. తిరిగి చూస్తే మా ఆయన నిలబడి ఉంటాడు, ఎప్పటి నుంచి ఉన్నాడో. రోజుకు ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డానో. పెళ్ళిలో కట్టిన చీర బీరువాలోంచి తీసి ముఖానికి హత్తుకుంటే బట్ట ముఖానికి తగిలింది, అంతే. నా దిండు, నా దుప్పటి ఎవరో పరాయివాళ్ళవి అయిపోయాయి. ఒక రోజు పాలు పొంగి, మాడి, అడుగంటి, వంటిల్లంతా పొగ కమ్ముకున్నా నేను ఆ పొగలోనే వీపు తిప్పి నిలబడి చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ ఉన్నాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి స్టవ్వు కట్టేశాడు.

"ఏమైంది నీకు? గింత పొగలో నిలబడ్డవ్!"

"నువ్వు ఎంత సేపటికి వస్తవో చూస్తున్న" అన్నాను.

ఆయన చాలాసేపు నన్ను చూశాడు. మాడిన గిన్నె తీసి నీళ్ళలో పడేశాడు. ఆయన కూడా కొట్టులో పుట్టినవాడే. తెలిసిన సంగతి, తెలియని సంగతి రెండూ ఆయన ముఖం మీద ఒకేలా ఉంటాయి.

ఆ మర్నాడు పొద్దున, చలి బాగా ఉంది, కుర్చీ డబ్బాలకు దగ్గరగా జరుపుకుని మొక్కలతో మాట్లాడాను. ఇంట్లో మొక్కలున్న ఆడవాళ్ళు అందరూ మాట్లాడతారు. నేను మాట్లాడింది బేరం.

"ఇగో, చూడు," అన్నాను. "అన్నీ అడుగుత లేను. పూల వాసన వద్దు, పాల వాసన వద్దు. ఒక్క ఎల్లిగడ్డ వాసన ఇయ్యి, చాలు."

అది నా మొదటి మాట మాత్రమే. బేరం అలాగే మొదలుపెడతారు. తక్కువ అడుగుతారు. అవతలివాళ్ళు కాదంటారు, మనం ఒక మెట్టు, వాళ్ళొక మెట్టు, అలా నడుమ ఎక్కడో కలుస్తారు. ముందు ఎల్లిగడ్డ, తర్వాత ఇంగువ, తర్వాత మల్లెలు, మెల్లగా అన్నీ లాగుదామని నా లోపలి ఎత్తు.

మర్నాడు పొద్దున ఆకు తుంచకముందే వాసన వచ్చింది.

మెట్ల మీద ఉండగానే వచ్చింది. పచ్చి ఎల్లిగడ్డ, రోట్లో అప్పుడే నలిగినట్టు, కళ్ళలోకి ఎక్కేంత ఘాటుగా. మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. పై వాటా అమ్మాయి తలుపు తీసి, "ఏమైంది పిన్నిగారూ?" అంటే, "ఎల్లిగడ్డ మంచిగ వచ్చిందమ్మా" అన్నాను. ఆమె డబ్బాల వైపు చూసి, నా వైపు చూసి, మెల్లగా తలుపు వేసుకుంది.

కిందికి వచ్చి చాయ్ పెట్టాను. అల్లం దంచి వేశాను. గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకుంటే ఎల్లిగడ్డ. చేతులు కడుక్కుని మళ్ళీ చూశాను. ఎల్లిగడ్డే. దేవుడి దగ్గర ఊదుబత్తి వెలిగిస్తే పొగలోంచి ఎల్లిగడ్డ. పూలమ్మి చామంతి మూర ఇస్తే ఎల్లిగడ్డ. కొట్టు ముందు ఆగిన క్యాబు వదిలిన పొగ, మా ఆయన చొక్కా, కొత్త నోటు, ఉతికిన తువ్వాలు, నీళ్ళు చల్లిన వాకిలి మట్టి. సాయంత్రానికి నాకు అర్థమైంది. మా బాపు చెప్పేవాడు, "నువ్వు చెప్పిన మొదటి ధరకే అవతలోడు సరే అన్నడంటే, మోసపోయింది నువ్వే బిడ్డా" అని. నా యాభై ఏళ్ళ జీవితంలో నా మొదటి మాటకు ఒప్పుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఒప్పుకున్నది ఆ మూడు డబ్బాలే.

మళ్ళీ వెళ్ళి కూర్చుని అడగని రోజు లేదు. "గింతేనా? ఇంకో రెండియ్యి. ఒక్క ఇంగువన్న ఇయ్యి." ఏమీ రాలేదు. బేరం ముగిసిపోయింది, కొట్టు మూసుకున్నారు.

వాసన లేనప్పుడు మనుషులు చప్పుడు లేకుండా వచ్చేవాళ్ళు. ఇప్పుడు మనుషులు లేకుండా వాసన రావడం మొదలైంది. ఖాళీ గదిలోకి వెళ్తే ఎవరో అప్పుడే నడిచి వెళ్ళినట్టు ఒక పొర. గది మధ్యలో చిక్కగా, గోడల దగ్గర పల్చగా. తలుపు వేసిన స్టోరు గదిలో, ఖాళీ స్టీలు డబ్బా మూత తీస్తే దాని లోపల. ఒకసారి బట్టలు ఆరేస్తుంటే వెనక నుంచి వాసన దగ్గరికి వస్తూ వస్తూ నా భుజం దాకా వచ్చింది.

"ఎవరూ?" అంటూ తిరిగాను.

ఎవరూ లేరు. డబ్బాలున్నాయి. మొక్కలు మోకాలి ఎత్తు పెరిగాయి అప్పటికి. వాటి ఆకులన్నీ ఒకే వైపు వంగి ఉన్నాయి. ఎండ తూర్పున ఉంది. ఆకులు పడమటికి, నేను రోజూ కూర్చునే కుర్చీ వైపు వంగి ఉన్నాయి.

గాలి అనుకున్నాను. విమానాల అదురు అనుకున్నాను. డబ్బాలు మూడూ వెనక్కి తిప్పి పెట్టాను. నాలుగు రోజులకు మళ్ళీ కుర్చీ వైపే వంగాయి. అప్పుడు కుర్చీని తీసుకుపోయి నీళ్ళ ట్యాంకు పక్కన వేసుకుని, అక్కడ కూర్చోవడం మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. వారం తర్వాత పై వాటా అమ్మాయి బట్టలు తీయడానికి వచ్చి, ఆగిపోయి, డబ్బాలనూ నన్నూ మార్చి మార్చి చూసింది.

"పిన్నిగారూ, ఇవేంటండీ మీ వైపే వంగాయి?"

"ఎండకు వంగినయ్."

"ఎండ ఇటుంది కదండీ."

"రోజూ నేను కూసుంటగదమ్మా. పరిచయమైంది."

నవ్వులాటకు అన్నాను, ఆమె కూడా నవ్వుతుందనుకున్నాను. ఆమె బట్టలు గుండెకు హత్తుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె బట్టలు కింద గల్లీ వైపు కట్టిన తీగ మీద ఆరేసుకునేది. అడిగితే, పైన ఎండ ఎక్కువండీ అనేది.

ఇంత జరుగుతున్నా కొట్టులో మాత్రం ఏమీ జరగలేదు. సిగ్గుపడాల్సిన సంగతే కానీ చెబుతాను. సంక్రాంతికి ముందు ఇంగువ ఏజెంటు వచ్చాడు. పెద్ద మాటకారి.

"అక్కా, ఈసారి సరుకు చూస్తే నీ ముక్కు నాకు సలాం కొడ్తది."

డబ్బా మూత తీశాడు. నాకు ఎల్లిగడ్డ వాసన వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. మూతి తిప్పాను.

"పాతది."

"అయ్యో అక్కా!"

"పాతది అన్న. మూత తీసినోళ్ళ చెయ్యి ఎన్నిసార్లు తగిలిందో నాకు తెలుస్తుంది. తీస్కపో."

వాడు నిజంగానే ముఖం చిన్నబుచ్చుకుని, ధర తగ్గించాడు. మా ఆయన గల్లా దగ్గర నుంచి తల ఎత్తకుండా, "మా ఇంటామె ముక్కు అంటే ముక్కే" అన్నాడు. తర్వాత చింతపండు, తర్వాత నెయ్యి, తర్వాత ధనియాల పొడి. అన్నీ ఎల్లిగడ్డే, అన్నీ పాతవే. అందరూ తగ్గించారు. అప్పుడు నాకు తట్టింది. ఇన్నేళ్ళుగా సరుకు మంచిదైనా నేను మూతి తిప్పుతూనే ఉన్నాను కదా. ధర దించింది ముక్కా, తిప్పిన మూతా? ముక్కు పోయి అయిదు నెలలైనా దాని అవసరం ఎవరికీ పడలేదంటే, అది అంతకుముందు మాత్రం ఏం పని చేసినట్టు? ఆ రోజు స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాను. ఎవరో ఉప్పు అడిగితే చక్కెర ఇచ్చాను.

హోలీ దగ్గర పడేసరికి కింది ఆకులు ఎండడం మొదలైంది. ఎల్లిగడ్డకు అదే లెక్క. కింది ఆకులు మూడు నాలుగు ఎండి, పైవి పచ్చగా ఉండగానే నీళ్ళు ఆపాలి, తర్వాత పీకాలి. వదిలేస్తే పాయలు మట్టిలోనే విచ్చుకుని కుళ్ళిపోతాయి. మా ఆయన రెండుసార్లు గుర్తు చేశాడు.

"పీకవా? ఎండిపోతున్నయి."

"వారం ఆగు."

వారం తర్వాత మళ్ళీ అడిగాడు. ఆగమన్నాను. అప్పటికి మొక్కలు పచ్చదనం పోయి, గడ్డిపరకల్లా అయిపోయి, అలా అయిపోయి కూడా కుర్చీ వైపే వంగి ఉన్నాయి. పీకితే నాకున్న ఆ ఒక్క వాసన కూడా పోతుందేమో. పీకకపోతే అవి మట్టిలో కుళ్ళుతాయి, కుళ్ళినప్పుడు నాకు వచ్చే వాసన ఏమవుతుంది? రోజంతా, అన్నంలో, నీళ్ళలో, దిండులో, కుళ్ళిన ఎల్లిగడ్డ వాసనతో మనిషి ఎన్నాళ్ళు బతుకుతుంది? ఒక పొద్దున చాయ్‌లో ఆ మార్పు తెలిసింది. ఘాటు తగ్గి, కింద ఎక్కడో తీపిగా, మెత్తగా, చెడుగా.

ఆ సాయంత్రం మా ఆయన కొట్టును పక్క కొట్టాయనకు కాసేపు అప్పగించి బంగ్లా మీదికి వచ్చాడు. నేను రెండు గ్లాసుల చాయ్ పట్టుకుని వెళ్ళేసరికి మొదటి డబ్బా ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"ఇగ చాలు. నేను పీకుతున్న."

"ఆగు. నీకొకటి చెప్పాలె."

చెప్పాను. జ్వరం, ముక్కు, కళ్ళ డాక్టరు కాని డాక్టరమ్మ, బేరం, అంతా. ఒకసారి మొదలుపెట్టాక ఇంగువ ఏజెంటు సంగతి కూడా దాచలేదు. ఆయన మట్టి వైపు చూస్తూ విన్నాడు.

"పాలు మాడిన నాడే అనుకున్న," అన్నాడు చివరికి.

"మరి అడగలే?"

"నువ్వు చెప్పలే. నువ్వు చెప్పనిది అడిగితే నువ్వు ఇంకో అబద్ధం వెతుక్కోవాలె. పరేషాన్ ఎందుకని."

"పీకితే ఇది గూడ పోతది."

"పోతే పోనీ. నీకేం కావాలె, వాసననే గద? నాది తీస్కో. నేను చూసి చెప్తుంట, నువ్వు బేరం చెయ్."

ఆ మాట ఆయన నాతోనే అన్నాడు. కానీ అంటున్నప్పుడు ముఖం డబ్బా మీదికి వంచి ఉంది. గాలి లేదు. విమానం కూడా ఏదీ లేదు అప్పుడు. ఎండిన ఆకులు గరగరమన్నాయి. మూడు డబ్బాల్లోనూ. ఆ మాట అక్కడ అనకుండా ఉంటే బాగుండునని అనిపించింది, ఎందుకని అడిగితే చెప్పలేను.

మొదటి డబ్బాలో మొక్కలన్నీ పీకి, మట్టి దులిపి, పాత గోనె మీద పరిచాడు. గడ్డలు చిన్నవి, నిమ్మకాయంత కూడా లేవు. ఒకటి చిదిపి చూశాడు. లోపల పాయలు లేవు. మొత్తం ఒకే ముద్ద, తెల్లగా, పన్నులా నున్నగా. ఇంకొకటీ అంతే.

"ఒంటి పాయలు," అన్నాడు. "చలి చాలకపోతే గిట్లనే అయితదట."

నేను వినడం లేదు. నా జడలో మల్లెలకు పొద్దున్నుంచీ ఉన్న ఎల్లిగడ్డ వాసన ఆగిపోయింది. ఎవరో దీపం ఆర్పినట్టు. రెండో డబ్బా ఖాళీ అయ్యేసరికి ఆయన చొక్కా వాసన పోయింది. మూడో డబ్బాలో ఒక్కొక్క మొక్కా పైకి వస్తుంటే చేతిలో చాయ్ గ్లాసు వాసన పలచబడుతూ వచ్చింది. చివరికి ఒక్క మొక్క మిగిలింది.

"దాన్ని ఉంచు," అన్నాను.

ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నీ ఇష్టం."

ఆ ఒక్క మొక్కనూ ఎంతసేపు చూశానో తెలియదు. దాని కుళ్ళు నాకు ఇప్పటికే తెలుస్తోంది. అప్పుడు వంగి నేనే పీకాను. చాలా తేలిగ్గా వచ్చింది, మట్టి వదిలేయడానికే ఎదురుచూస్తున్నట్టు. వేళ్ళతో సహా ముక్కుకు ఆనించుకున్నాను. చల్లదనం. అంతే. వాసన లేని లోకం మళ్ళీ నా చుట్టూ చప్పుడు లేకుండా వచ్చి నిలబడింది. ఈసారి నాకు అంత భయం వేయలేదు. పక్కన మనిషి ఉన్నాడు, సంగతి తెలిసిన మనిషి.

ఆయన తన చాయ్ గ్లాసు అందుకుని నోటి దగ్గరికి తెచ్చి ఆగాడు.

"దీంట్ల ఎల్లిగడ్డ వాసనొస్తుంది."

ఇద్దరం నవ్వాం. "నీ చేతులు చూస్కో," అన్నాను. మూడు డబ్బాల ఎల్లిగడ్డ పీకిన చేతులు మరి. కిందికి తీసుకెళ్ళి చింతపండుతో రుద్దించాను, సబ్బుతో కడిగించాను, వేళ్ళను స్టీలు చెంబుకేసి తోమించాను. ఎల్లిగడ్డ వాసన పోవడానికి మా అమ్మ చేసేది అదే. చల్లారిన చాయ్ పారబోసి మళ్ళీ పెట్టాను. మా ఇంట్లో చాయ్‌లో ప్రతిరోజూ పడేది అల్లం. ఆ రోజు నేను అల్లం ముట్టుకోలేదు. ఇలాచీలు నాలుగు దంచి వేశాను, రెండు గల్లీలకు తెలిసేంత.

గ్లాసు ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. "తాగకు. ముందు వాసన చూసి చెప్పు. నువ్వే గద ఇగ నా ముక్కు."

ఆయన గ్లాసు ఎత్తి, కళ్ళు మూసుకుని, నిదానంగా పీల్చాడు. ముఖం మీద ఏమీ కదలలేదు.

"మంచిగున్నది."

"మంచిగుంటే సరిపోతదా? ఏం వేసిన?"

ఒక్క క్షణం, సరుకు లేదని తెలిసి కూడా అరల వైపు చూసే కొట్టువాడిలా, ఆయన చూపు పక్కకు పోయి వచ్చింది.

"అల్లం," అన్నాడు.

వంటింట్లో పంపు కారుతోంది. వెళ్ళి కట్టేసి వచ్చాను.

"మంచిగ చెప్పినవ్," అన్నాను.

ఆయన గ్లాసు దించకుండా నన్నే చూస్తూ ఉన్నాడు.